శుభలేఖల మేళం

ఈ ఉదయం ఎవరిదో శుభలేఖ వచ్చింది. ముహూర్తం చూడకుండానే అట్ట మందం వేలితో తడిమాను. అది మా అత్తగారి దగ్గర అబ్బిన అలవాటు. వన్ టౌన్‌లో మేమున్న సందులో, పోర్టు నల్ల దుమ్ము జిగురు మీద వాలుతుంటే ఊదుకుంటూ, ఆవిడ పాత శుభలేఖలు కత్తిరించి అతికించి సన్నాయి మేళాల బొమ్మలు చేసేవారు. పసుపు అట్ట పంచె, మెరుపు కాగితం సన్నాయి. కత్తెర పట్టే ముందు ప్రతి కార్డు మీది వినాయకుణ్ణీ విడదీసి దేవుడి గూట్లో పెట్టేవారు. దీపానికి చోటు చాలనంతమంది గణపతులు మా ఇంట్లో. ఇంట్లోనే నేర్చిన నా అక్షరాలకు, కత్తెర పడేలోగా చదివిన ఆ శుభలేఖలే సాన పట్టాయి. ఆ రుణం తలుచుకుని ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

మావగారు డోలు వాయించేవారు. కుడిచేతి వేళ్ళకు తొడుగులు, ఎడమచేతిలో కర్ర. పక్షవాతం వచ్చాక కుడిచెయ్యి లేచేది గానీ వేళ్ళు కదిలేవి కావు. మనిషి ఒక్కచోట కూర్చోలేకపోయేవారు. గుమ్మం దాకా వెళ్ళడం, రావడం, ఎడమచేత్తో బియ్యం డబ్బా మూత మీద దరువు. ఆ చప్పుడుకి పొయ్యి దగ్గర నాకూ కాలు నిలిచేది కాదు. చివరికి డోలు మేనల్లుడికి ఇచ్చేస్తానని, శుక్రవారం వచ్చి పట్టుకెళ్ళమని కబురంపారు. అది వెళ్ళేలోగా డోలుతో తన బొమ్మ చేసిపెట్టమని అత్తగారి వెంటపడ్డారు.

ఆవిడ కంగారుగా చేశారు. పెన్సిల్ గీతలు పైకి కనబడకూడదని అట్ట వెనకవైపు గీసి, కత్తిరించి, తిప్పి అతికించారు. తిప్పితే కుడి ఎడమవుతుందన్నది మరిచారు. కర్ర కుడిచేతికొచ్చింది, తొడుగులు ఎడమచేతికి.

మావగారు బొమ్మలోని ఎడమచేతివాటం పట్టేశారు. "ఏటే, నన్ను పుర్రసెయ్యోడిని సేసీసినావేటి?"

"తొందరపెట్టింది ఎవులు? ఇలాగియ్యండి, పీకీసి మళ్ళీ అతికిత్తాను," అన్నారు అత్తగారు.

ఆయన ఇవ్వలేదు. డోలు ఒళ్ళోకి లాక్కుని కుడివైపు ఎడమకొచ్చేలా తిప్పారు. నన్ను పిలిచి, "అమ్మా, ఈ కర్ర నా కుడిసేతికి గుడ్డతో కట్టీ," అన్నారు. రెండు ముడులు వేసి కట్టాను. తొడుగులు ఎడమచేతికి తొడిగాను.

మేనల్లుడు వచ్చేసరికి ఇంకా వాయిస్తూనే ఉన్నారు. అతను గుమ్మంలో నిలబడి విన్నాడు. "మావా, తాళం తప్పుతన్నావు."

"తప్పనీరా. నువ్వు ఎల్లు," అన్నారు మావగారు తలెత్తకుండా.

అతను నవ్వి ఖాళీ చేతులతో వెళ్ళిపోయాడు. నేను లోపలికెళ్ళి సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాను.

ఆ తర్వాత ఆయన్ని ఏ పెళ్ళికీ ఎవరూ పిలవలేదు. తాళమూ పూర్తిగా కుదరలేదు. గడిచిన కాలాన్ని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు. ఆయన మాత్రం డోలును అటు తిప్పి ఒళ్ళో పెట్టుకుని, ఇంకొన్నాళ్ళు వాయించుకున్నారు.