రెండో టక్కు

దయ్యాలను నేను నమ్మను. చిన్నప్పుడూ నమ్మలేదు, ఇది జరిగాక కూడా నమ్మడం లేదు. అలాగని అసలేమీ జరగలేదని ఒప్పుకోమంటే అదీ ఒప్పుకోను. ఆ రోజే డైరీలో రాసుకున్నాను, సమయంతో సహా.

చిత్తూరు బయట, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు ఖాళీ చేసిన రేకుల షెడ్డులో ప్రైవేటు సెక్యూరిటీ గార్డులకు శిక్షణ ఇస్తారు. రిజిస్టర్లు రాయడం, సర్టిఫికెట్లు టైపు చేయడం నా పని. తరగతిలో నూరు గంటలు, మైదానంలో అరవై. తుపాకి పట్టే ఉద్యోగమైతే తుపాకి పాఠాలు కూడా. సొంత లైసెన్సు ఉన్నా ఇవి తప్పవు. లైసెన్సు ఉంటే తుపాకి దగ్గర పెట్టుకోవచ్చు, అంతే.

మా మాస్టరు రిటైరైన హవల్దారు, కార్వేటినగరం మనిషి. ఇసుక తొట్టి దగ్గర ఆయన పాఠం. రెండు గొట్టాల తుపాకిని మడిచి, లోపల చూసి, చిటికెనవేలితో తడిమి, మూసి, ఇసుకలోకి గురిపెట్టి, గొట్టానికొకటి చొప్పున ఉన్న రెండు ట్రిగ్గర్లూ నొక్కాలి. టక్కు, టక్కు. అప్పుడే ఖాళీ అన్నట్టు.

అంతమంది మగవాళ్ల వైపు చూడటానికి నాకు బిడియం. గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. ఆయన నవ్వి, "నువ్వు సూడొద్దులే పాపా. రెండు టక్కులు ఇనబడినాకనే రాయి" అన్నారు. రెండేళ్లు ఆ పాఠం హాజరు చెవులతోనే వేశాను.

ఆయన జ్వరంతో పోయిన మూడు నెలలకు, కొత్త మాస్టరు ఇంకా రాకముందే, ఈ శిక్షణ కేంద్రం నడిపే మా సారు ఒక పేరు రాసిచ్చారు. చెంగల్రాయుడు, సత్యవేడు వైపు రైతు. తిరుపతిలో నగల కొట్టుకు మరుసటి రోజే గన్‌మన్‌గా వెళ్లాలట. ఒక్క తరగతికీ రాలేదు.

"లైసెన్సు ఉండాది, తుపాకి ఉండాది. ఇంకేం నేర్పిస్తావు ఆయప్పకి? మద్దేనానికి సర్టిఫికెట్టు కావల్ల."

నేను తలూపాను. ఎదురు చెప్పడం నాకు చేతకాదు.

పన్నెండుంపావుకు సర్టిఫికెట్టు మీద పేరు టైపు చేసి, ఎన్ని గంటల శిక్షణో వేసే గడి దగ్గరికి వచ్చాను. నా వెనక, ఇసుక తొట్టి దగ్గర, టక్కుమంది.

అలవాటు కొద్దీ వేలు ఆపి రెండోదాని కోసం ఆగాను. రాలేదు.

వెనక్కి తిరిగాను. షెడ్డులో ఎవరూ లేరు. శిక్షణ తుపాకి బీరువాలో ఉంది, తాళంచెవి సారు దగ్గర. ఎండకు రేకు చప్పుడు చేసిందని మా అక్క అంటుంది. రేకు చప్పుడు నాకు తెలుసు. ఇది అది కాదు.

గంటల గడి ఖాళీగా వదిలేశాను.

ఒంటిగంటకు సారు, చెంగల్రాయుడు వచ్చారు. చెంగల్రాయుడి చంకలో గోనెసంచి చుట్టిన తుపాకి.

"సార్, నేను టైపు చెయ్యను. ముందు అది ఇసుక దగ్గర మడిచి చూపించమనండి." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"పుస్తకాలు సదివి సదివి మాస్టరమ్మ అయిపోయినావే!" అన్నారు సారు.

"ఖాళీదే పాపా," అని నవ్వుతూనే చెంగల్రాయుడు దాన్ని ఇసుకలోకి వంచి మడిచాడు. కుడి గొట్టం ఖాళీ. ఎడమ గొట్టంలో ఎర్ర తూటా ఉంది.

ఆయన దాన్ని బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "చేలోకొచ్చే పందుల్ని తోలేదానికి మా నాయన రెండూ పేల్చేసినాడనుకున్నానే. బస్సులో ఒళ్లో పెట్టుకోనొచ్చినానే పాపా."

సగం టైపు చేసిన ఆ సర్టిఫికెట్టును నేనే చించాను.

నగల కొట్టు ఉద్యోగం పోయింది. కొత్త మాస్టరు వచ్చాక చెంగల్రాయుడు అన్ని గంటలూ కూర్చుని నేర్చుకున్నాడు, ఇప్పుడు ఇంకోచోట గన్‌మన్. ఆయన వంతు వచ్చిన రోజు గోడవైపు తిరిగే కూర్చున్నాను. టక్కు, టక్కు. రాశాను.

ఆ మధ్యాహ్నం ఒక్కటే ఎందుకు వినబడిందో, అది ఎవరి వేలో, నాకు తెలియదు. మాస్టరే వచ్చారని నాతో అనిపించాలని చాలామంది చూశారు. అనను. భ్రమపడ్డానని కూడా అనను. డైరీలో ఆ రోజు కింద పన్నెండుంపావు, ఒక టక్కు అని ఉంది. దాన్ని కొట్టేయను.