పిన్ని మాట, మరిది నోట

దూరవిద్యలో శాంతి, వివాద పరిష్కారం చదువుతున్నానని చెబితే మా పల్లెలో అందరూ నవ్వారు. ఉప్పాడ పక్కనే మా పల్లె. వేటకి వెళ్లే మొగుడు, చేపల గంప ఎత్తే అత్త ఉండగా ముప్పై ఎనిమిదేళ్లకి నాకీ చదువేంటని వాళ్ల అనుమానం. "అత్తాకోడళ్ల తగువు తీర్చుకోడానికి కాబోలు" అన్నాడు మా ఆయన. అది తీరలేదు, ఆ సంగతి వేరు. ఆదివారాలు కాకినాడ వెళ్లి క్లాసులు వినేదాన్ని. మిగతా పాఠాలన్నీ ఎండుచేపలు తిరగేస్తూ ఫోనులోనే.

ఒక పాఠంలో ఉంది, తగువు పడ్డవాళ్లు తమ కథ తామే చెప్పుకోవాలని. చదివి నవ్వుకున్నాను. మా దగ్గర పంచాయితీ చేపలు వేలం వేసే షెడ్డులో జరుగుతుంది. అక్కడ ఆడది నోరు విప్పకూడదు. ఆమె మాట ఆ ఇంటి మగవాడు లేచి చెప్పాలి, ఆమె షెడ్డు బయట నిలబడి వినాలి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి అది తప్పని నాకూ ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ ఏడాది మా పిన్నికి అక్కడ పని పడింది. పిన్ని మా అమ్మ చెల్లెలు. చిన్నాన్న పోయాక ఇంటి వెనక జాగాలో చేపలు ఎండబెట్టి, అమ్ముకుని బతుకుతోంది. ఆ జాగాలో వలల షెడ్డు వేసుకుంటానని ఆమె మరిది వచ్చి గుంజలు పాతాడు. అది పోతే ఆమెకి కూడు లేదు. పిన్ని పెద్దల దగ్గరికి వెళ్లింది. కొడుకుల్లేరు, మరి ఆమె మాట ఎవరు చెప్పాలి? ఆ ఇంటికి మగదిక్కు ఎవరా అని పెద్దలు బాగా ఆలోచించి తేల్చారు. మరిదేనట.

అతను ముందు తన తరఫున చెప్పుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఇక మా వదిన చెప్పేదేంటంటేనండి, ఆవిడకి ఆ జాగాతో పెద్ద పనేం లేదంటున్నారండి" అన్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చి కూర్చున్నారు పెద్దలు. ఒక్కరూ నవ్వలేదు, అదే నా ఒళ్లు మండించింది. పిన్ని చెయ్యి పట్టుకుని షెడ్డులోకి నడిచాను. ఇద్దరం నేల మీద కూర్చున్నాం.

"ఏంటమ్మా ఇది? శాంతి కోర్సు చదివి గొడవలు తెస్తున్నావా?" అన్నాడు కులపెద్ద.

"గొడవ ముందే ఉందండి. మీకు ఒక పక్కే వినబడింది. రెండో పక్క పిన్ని చెబుతుంది."

"లేచి బయటికెళ్లు. మీ ఆయన్ని పిలిపించమంటావా?"

"పిలిపించండి. ఆయనొచ్చేదాకా ఇక్కడే ఉంటామండి."

పిన్ని కొంగు బిగించి లేచింది. "ముప్పయ్యేళ్లుగా ఆ ఇసక మీదే నా చేపలెండుతున్నాయండి. మీ ఇళ్లల్లో కూరకెళ్లిన నెత్తళ్లు అక్కడివే. ఆ జాగాతో నాకు పనిలేదని నేనెవరితో అన్నానో, ఆ మనిషిని చూపించండి."

వారం తర్వాత పెద్దలే గుంజలు పీకించారు. ఆడవాళ్లు మాట్లాడినందుకు కాదని, నిజం తమకి ముందే తెలుసని చెప్పుకున్నారు. చెప్పుకోనీ.

ఇదంతా నా ప్రాజెక్టు రిపోర్టులో రాసి పంపాను. దిద్దినాయన వెనక్కి పంపాడు. మధ్యవర్తి ఎవరి పక్కనా చేరకూడదట, నేను చేరానట, మధ్యలో నిలబడి మళ్లీ రాయాలట. పాఠంలో ఆ మాట ఉన్నమాట నిజమే. అయినా ఒక్క అక్షరం మార్చలేదు. కింద ఒక వాక్యం చేర్చి అదే కాగితం తిరిగి పంపాను: "అయ్యా, ఆ రోజు రెండు పక్కలా ఒకే మనిషి నిలబడి ఉన్నాడు, మధ్య ఎక్కడుందో మీరే చూపించండి."