జిప్పుకి తాళం

మా బావ తాళాలు బాగుచేస్తాడు. బీరువా అంత కొట్టు. అందులో ఆయన, ఒక స్టూలు, గోడ నిండా తాళంచెవులు. ఎవరి తలుపు ఎంత మొండికేసినా ఐదు నిమిషాల్లో దాని నోరు తెరిపిస్తాడు. తన తలుపు దగ్గరే వస్తుంది చిక్కంతా. తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతాడు. నా పెళ్ళికి అలా వీధి చివరినుంచి మూడుసార్లు వెనక్కి వెళ్ళి, అందరూ భోంచేసి చేతులు కడుక్కుంటున్నప్పుడు చేరాడు. ఒక్క ఫొటోలోనూ లేడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో అక్కా ఆయనా కలిసి ఒక్క రాత్రయినా బయట పడుకోలేదంటే కారణం ఇదే.

మా అక్కది ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. కిటికీ లేని గది. ఆ మధ్య తోటి ఉద్యోగిని ఒకావిడ, జాతీయ పార్కులో గుడారం వేసుకుని ఉన్న ఫొటో చూపించింది. ఇక అక్కకి అదే ధ్యాస. సెలవు సంపాదించింది. నాచేత చోటు వెతికించింది. కరెంటు ఉండదు, చేతిపంపు నీళ్ళు, మరుగుదొడ్డి వంద అడుగుల దూరంలో. పక్కనే వాగు. ఆదివారం సాయంత్రం ఐదులోపు ఖాయం చేయకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. అక్క తన ఫోన్లో ఒక్క బటన్ నొక్కితే చాలు. కానీ బావ ఊ అనాలి కదా!

"అక్కడ తలుపేమిటిరా?" అని వారంనుంచీ నా ప్రాణం తీస్తున్నాడు.

"గుడ్డ, బావా."

"గొళ్ళెం?"

"జిప్పు."

"జిప్పా! ప్యాంటుకుండేదా?"

కూర్చుంటే లేస్తాడు, లేస్తే నడుస్తాడు. చివరికి పార్కు ఆఫీసుకే ఫోన్ చేసి, రాత్రిళ్ళు ఏ రకం తాళం వేస్తారని అడిగాడు. "అడవికి తాళమేమిటండీ?" అన్నాడట అవతలాయన.

ఆదివారం నాలుగున్నరకి, సంగతేమిటో కనుక్కుందామని వాళ్ళింటికి వెళ్ళాను. బెల్లు కొట్టినా ఎవరూ తీయలేదు. కిటికీ ఊచల్లోంచి చూస్తే, హాల్లో సోఫా గోడకి జరిపి, అద్దెకు తెచ్చిన గుడారం వేసి ఉంది. దాని కడుపులో ఎవరివో మోచేతులు కదులుతున్నాయి.

"అక్కా!"

"వచ్చావా తమ్ముడూ! మీ బావ జిప్పుకి తాళం వేశారురా!"

పడుకుని చూస్తేగానీ ఏ మాటా చెప్పలేనన్నాడట. లోపలికి దూరి, జిప్పు కొసలు రెండూ కలిపి, వేలెడంత తాళం తగిలించి నొక్కేశాడు. అప్పుడు హాయిగా కాళ్ళు చాపి, "ఇప్పుడు ఫరవాలేదే" అన్నాడట. తాళంచెవి చొక్కా జేబులో ఉంది. చొక్కా, ఉక్కగా ఉందని ముందే విప్పేసి, గుడారం బయట కుర్చీకి తగిలించాడు.

"తలుపు బద్దలుకొట్టనా, బావా?"

"నీవల్ల కాదురా. మూడు గడియలున్నాయి, నీ భుజమే విరుగుతుంది." ఆ స్థితిలోనూ గొంతులో గర్వం.

"పోనీ, గుడ్డ కోసెయ్యండి."

"అద్దెదిరా! మెల్లిగా మాట్లాడు. పక్కవాళ్ళు విన్నారంటే రేపు నేను కొట్టు ఏ మొహం పెట్టుకుని తెరవాలి?"

అనుకున్నంతా అయింది. పక్కింటావిడ తొంగి చూసింది.

"ఏమైందండీ?"

"ఏం లేదండీ. బావ నిద్రపోతున్నాడు" అన్నాను. సరిగ్గా అప్పుడే గుడారం తుమ్మింది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమే, నీ దగ్గర పిన్నీసుందా?"

"ఉంది."

"ఇటివ్వు."

"ఊ అనండి, ఇస్తాను. ఐదుకి పది నిమిషాలుంది."

"ఇదేం బెదిరింపే! తమ్ముడు వింటున్నాడు!"

"విననివ్వండి."

గుడారం అటూ ఇటూ ఊగింది. కాసేపటికి బావ గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు పడుకోగానే నిద్రపోతావు. నేను ఆ గుడ్డవంక చూస్తూ కూర్చోవాలే. ఎవరైనా ఇలా వేలితో పొడిస్తే చాలు కదా."

"కూర్చోండి. నేనూ కూర్చుంటాను. నాకు మాత్రం నిద్రెందుకు? నిద్రపోవడానికైతే ఇల్లు లేదూ?"

లోపల మోచేతులు ఆగాయి.

"ఊ" అన్నాడు బావ.

"తమ్ముడికి వినపడలేదు."

"ఊ అన్నాను కదే!"

ఫోన్ టింగుమంది. "మూడు రాత్రులకీ ఖాయమైంది" అంది అక్క.

"మూడా! ఒకటన్నావు కదే!"

"ఒకటని మీరే అనుకున్నారు. ఇదిగో పిన్నీసు."

నేను పది లెక్కపెట్టేలోపే తాళం ఊడింది. అక్క జుట్టు సవరించుకుంటూ బయటికి వచ్చి, గడియలు ఒక్కొక్కటే తీసి, "వాగు చప్పుడు రాత్రంతా వినిపిస్తుందంటావా?" అంది నాతో.

బావ మాత్రం బయటికి రాలేదు. జిప్పు బార్లా తీసి, గుడారం నోటి దగ్గర బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఇంకా ఏమిటి, బావా?"

"తెరిచిపెట్టి కూర్చుంటే ఎలా ఉంటుందో చూస్తున్నానురా" అన్నాడు. మోకాలు మాత్రం ఆడుతూనే ఉంది.