చీపురుతో పోనిది

నిన్న మధ్యాహ్నం రాయదుర్గంలో మా ఆఫీసు టవర్ కింది అంతస్తులో పాపను బండిలో తోసుకుంటూ వెళ్తుంటే, ఉన్నట్టుండి బండి పిడి నా అరచేతుల్లో జుమ్మని వణికింది. చక్రాలు పసుపు పలకల మీదికి ఎక్కాయి. చూపు లేనివాళ్లు కాలితోనో కర్రతోనో తడిమి దారి తెలుసుకోవడానికి నేల మీద పరిచే గట్ల పలకలవి. ఆ వణుకుకి తొమ్మిది నెలల మా పాప కిలకిలా నవ్వింది. నవ్వుతోంది కదా అని ఆ గీత మీదే తోసుకుంటూ పోయాను. లిఫ్టులు ఇంకా పది అడుగుల దూరంలో ఉండగా బండి దేనికో కొట్టుకుని ఆగిపోయింది. నడుమెత్తు రాతి కుండీ, అందులో ప్లాస్టిక్ వెదురు. సరిగ్గా గీత మీద పెట్టారు.

"ఏందన్నా, దావకి అడ్డంగా కుండీ పెట్టినారే?" అని అక్కడున్న సెక్యూరిటీ అతన్ని అడిగాను.

"ఆ పసుపు గీత మంచిగ కనవడ్తలేదని పైనోళ్లు పెట్టమన్నరు మేడం. ఇప్పటిదాంక ఎవ్వరు అడగలె" అన్నాడతను.

అడగాల్సినవాళ్లకు అది మోకాలికి తగిలేదాకా తెలియదు కదా! ఒళ్లు మండిపోయింది. ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాను. తీశాక భయమేసింది. పొడిగించుకున్న నా ప్రసూతి సెలవు వచ్చే నెల అయిపోతుంది. నేను నిన్న వెళ్లింది ఆ టవర్‌లోనే ఉన్న పిల్లల కేంద్రం చూడడానికి. ఒక్క సీటే ఖాళీగా ఉంది, మా దరఖాస్తు వాళ్ల బల్ల మీద ఉంది, ఆ కేంద్రాన్ని నడిపేదీ ఆ కుండీ పెట్టించిందీ ఒకే యాజమాన్యం. పాప నిద్రపోయాక, రెండుసార్లు దాని ఊపిరి చూసుకుని వచ్చి, ఇది రాయడానికి కూర్చున్నాను. ఎందుకంటే ఆ బండి ఆగిన క్షణంలో నాకు వినపడింది స్వరూపక్క గొంతు. ఆమె పోయి ఏడాది దాటింది. నా బిడ్డను ఆమె చూడలేదు.

స్వరూపక్క కట్టడాల ఫొటోలు తీసేది. లింగంపల్లిలో రైల్వే స్టేషన్‌కి దగ్గర, మోటార్లకు తీగ చుట్టే దుకాణం పైన రెండు గదుల స్టూడియో. వాళ్ల నాన్న పెళ్లి ఫొటోలు తీసేవాడట. ఆయన కెమెరా పట్టుకునే పెరిగిన ఈమె పెళ్లిళ్లు వదిలేసి భవనాలు ఎందుకు పట్టుకుందని ఒకసారి అడిగాను. "పెండ్లిల అందరు నవ్వుతరు పిల్లా, ఏది నిజమో తెల్వది. గోడ నవ్వది" అంది. నేను ప్రొద్దుటూరులో ఇంజినీరింగ్ చదివి, ఐటీ ఉద్యోగం కోసం ఎనిమిది నెలలు తిరిగి తిరిగి, కంప్యూటర్లో ఫొటోలు దిద్దడం వచ్చు కాబట్టి ఆమె దగ్గర చేరాను. నన్ను అక్కడ పేరు పెట్టి పిలిచింది తక్కువ. కోపమొస్తే 'ప్రొద్దుటూరు', లేకపోతే 'పిల్లా'.

మొదటి వారం కోకాపేటలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ ఫొటోలు నా చేతికిచ్చింది. నా పనితనం చూపించాలని మెట్ల మీద పాన్ ఉమ్మి తుడిచేశాను, బాల్కనీ కింద పచ్చగా దిగిన చెమ్మ మరక కూడా తుడిచేశాను. ఆమె కళ్లద్దాలు పైకి తోసుకుని తెరకేసి చూసింది.

"ఉమ్మి తుడిచినవ్, మంచిగ చేసినవ్. చీపురు, బకెట్ నీళ్లు ఉంటె అది పోతది. మరి గీ మరక? చీపురుతోని పోతదా?"

"పోదక్కా."

"పోనిదాన్ని నువ్వెట్ల పోగొడ్తవ్? రేపు ఇల్లు కొన్నోళ్ల గోడల నీళ్లు కారుతుంటె నువ్వు పొయ్యి మౌస్‌తోని తుడుస్తవా, ప్రొద్దుటూరు?"

ఆ స్టూడియోలో ఉన్న చట్టం అదొక్కటే. చీపురుతో పోయేది ఫొటోలో తుడవచ్చు. చీపురుతో పోనిది ఉండాల్సిందే. మా పనిలో ఉన్నవాళ్లందరూ తీగలూ పగుళ్లూ మనుషులూ ఇష్టమొచ్చినట్టు లేపేస్తారు. అందుకే ఆమెకు పని తక్కువ, పేరు ఎక్కువ.

ఆ పేరు చూసే రాయదుర్గంలోని ఒక డిజైన్ ఆఫీసు ఆమెను పిలిచింది. పక్క రాష్ట్రంలోని ఒక నగరంలో వాళ్లు గీసిన భూగర్భ రైల్వే స్టేషన్ తెరవబోతున్నారు, దాని ఫొటోలు కావాలి. తెరవకముందే తీస్తే శుభ్రంగా ఉంటుందని వాళ్లన్నా ఈమె ఒప్పుకోలేదు. "మనుషులు నడవని స్టేషన్ బొమ్మరిల్లు" అని, తెరిచాక కూడా మూడు వారాలు ఆగింది. ఇద్దరం రైలెక్కి వెళ్లాం. నిజం చెప్పాలంటే అంత అందమైన కట్టడంలో నేనెప్పుడూ నిలబడలేదు. నేలకి మూడు అంతస్తుల లోతున బూడిద రంగు రాయి పరిచిన పెద్ద హాలు, పైన గుండ్రటి అద్దం కప్పు. మిట్టమధ్యాహ్నం కాసేపు మాత్రం ఎండ ఆ అద్దంలోంచి నిలువుగా దిగి నేల మీద పళ్లెంలా పడుతుంది. ఆ కాసేపటి కోసం ఆమె కెమెరా కాళ్లు బిగించి, పొద్దుటి నుంచి చపాతీ చుట్ట నములుతూ కూర్చుంది.

ఎండ దిగుతుండగా లిఫ్టులోంచి ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, భుజాన ఆఫీసు సంచి, చేతిలో తెల్ల కర్ర. పసుపు గీత దొరకగానే ఆయన నడక మారింది. మనం తెలిసిన వీధిలో నడిచినట్టు వేగంగా వచ్చేశాడు. ఆ గీత తిన్నగా వెళ్లి ఒక స్టీలు తొడుగు వేసిన స్తంభంలోకి దూరుతుంది. గీత ముందు గీశారో, స్తంభం తర్వాత లావు చేశారో తెలియదు. కర్ర స్తంభం పక్కనుంచి జారింది, నుదురు ఠంగుమని తగిలింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, ఎదురుగా మనిషి ఉన్నాడనుకుని, ఆ స్తంభానికి "సారీ" చెప్పాడు.

స్వరూపక్క కెమెరా వదిలేసి పరుగున వెళ్లింది. ఆయన్ని చెయ్యి పట్టుకుని టికెట్ గేటు దాకా దింపి వచ్చేసరికి ఎండ సగం జరిగిపోయింది. "ఆయన నుదురు మీద దెబ్బ తీయాల్సింది కదక్కా" అన్నాను.

"ఆయన మొకమెందుకు? తప్పు ఆయనదా?" అని కసిరి, నేల మీద బోర్లా పడుకుని ఆ గీతను తీసింది. ముందు నుంచి పసుపు గీత, ఆ చివర మెరిసే స్తంభం, పైనుంచి ఎండ. ఆమె తీసిన వాటిలో అంత గొప్ప ఫొటో ఇంకొకటి లేదు.

రాయదుర్గం ఆఫీసులో డిజైన్ పెద్దగా ఉన్న యువకుడు దాన్ని చూసి లేచి నిలబడ్డాడు. "అద్భుతమండీ మేడం గారూ! పోటీకి ఇదే పంపుదాం. ఆ పసుపు గీత ఒక్కటే కంట్లో పొడుస్తోందండీ, అది తీయించేయండి."

"ముందు మీరు నేల మీద సరిజేయున్రి సార్. నేనొచ్చి మల్ల తీస్త. రైలు కిరాయి గూడ అడగ."

ఆయన నవ్వాడు. ఈమె నవ్వలేదు.

ఆ నెలలోనే ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆమె దవాఖానలో ఉండగా ఆ డిజైన్ ఆఫీసు యువకుడు నాకు ఫోన్ చేశాడు. "శిరీష గారూ, మేడం గారిని ఇబ్బంది పెట్టడమెందుకండీ, చిన్న పని. మీలాంటివాళ్లు మా దగ్గర ఉండాలండీ అసలు." ఆ చివరి మాట నా చెవిలో ఉండిపోయింది. ఇరవై నిమిషాల్లో చేసేశాను. పక్కనున్న రాయి ముక్కను తీసి గీత మీద అతికించుకుంటూ పోయాను. స్తంభం స్టీలులో పడిన పసుపు నీడను కూడా మర్చిపోకుండా తీసేశాను. ఆ నీడ తీసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఈ మాట ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

కొన్ని నెలలకు స్టూడియోకి ఒక ఉత్తరం వచ్చింది. ఆ నగరంలోని చూపులేనివాళ్ల సంఘం ఆ గీత గురించి ఫిర్యాదు చేసింది. దానికి జవాబుగా డిజైన్ ఆఫీసు మా ఫొటో పంపింది. చూడండి, మా స్తంభంలోకి ఏ గీతా వెళ్లడం లేదు అని! కింద స్వరూపక్క పేరు. ఈ ఫొటో మీదేనా అని విచారణ చేసేవాళ్లు అడుగుతున్నారు. నుదురు పగిలినవాళ్లను అబద్ధాలకోరులను చేసింది ఆ ఫొటో. చేసింది నా చెయ్యి.

ఆమె ఆ కాగితం రెండుసార్లు చదివింది. కర్ర ఊతగా నా కుర్చీ దాకా వచ్చింది.

"నువ్వే తుడిచినవా?"

"అవునక్కా."

"ఎంత సేపు పట్టింది?"

"ఇరవై నిమిషాలు."

"ఆయన స్తంభానికి సారీ చెప్పిండు. నువ్వు విన్నవ్. నా పక్కనే ఉన్నవ్."

ఆమె అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. కూర్చుని జవాబు చెప్పింది, నేను టైప్ చేశాను. ఫొటో నాదే, గీతను మా స్టూడియోలోనే తుడిచాం, అసలు ఫొటో జత చేస్తున్నాను అని. నా పేరు కూడా రాస్తానన్నాను. "బోర్డు మీద ఎవరి పేరుంది? నీ పేరు రాసి నేను తప్పుకుంటె, నిన్ను చీపురు వట్టి ఊడ్చినట్టే" అంది.

ఆ తర్వాత రాయదుర్గం నుంచి గానీ, మాదాపూర్ నుంచి గానీ ఆమెకు పని రాలేదు. ఇబ్బంది పెట్టే మనిషి అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇబ్బంది! తల పగలడం ఇబ్బంది కాదు, చెప్పడం ఇబ్బంది. సంఘంవాళ్లు మాత్రం ఒక ఫొటో పంపారు, ఫోన్‌తో తీసింది. గీతను కోసి స్తంభం చుట్టూ తిప్పారు. పలకల రంగు కలవలేదు, అంచుల్లో సిమెంటు పూసి వదిలేశారు. స్వరూపక్క దాన్ని గోడ మీద, తన మంచి ఫొటోలన్నిటి నడుమ అంటించింది. వచ్చినవాళ్లకు దాన్నే ముందు చూపించేది.

కిందటేడు ఆమె పోయినప్పుడు అదే డిజైన్ ఆఫీసు ఆన్‌లైన్‌లో సంతాపం ప్రకటించింది. వెలుగుతో కవిత్వం రాసిన కళాకారిణి అని ఏదేదో రాసి, కింద ఆమె ఫొటో ఒకటి పెట్టారు. ఆ స్టేషన్ ఫొటో. గీత లేనిది. బూడిద రంగు రాయి నున్నగా, నా ఇరవై నిమిషాల పనితనంతో మెరుస్తూ. చనిపోయిన మనిషి నోట్లో ఆమె జీవితమంతా ఒప్పుకోని అబద్ధం కుక్కి, దానికి నాలుగు వందల మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ రోజు నేను ఒక్క మాట రాయలేదు. కడుపులో పాప ఉంది, కొత్తగా చేరిన ఐటీ ఉద్యోగం, ఎందుకులే అనుకున్నాను. అప్పటి నుంచి నాకు ఎవరి మీద కోపమొచ్చినా అందులో మొదటి ముద్ద నాకే పెట్టుకోవాల్సి వస్తోంది.

ఇందాక నిన్నటి ఫొటో తెరిచాను. పసుపు గీత, దాని మీద కుండీ, వెనక లిఫ్టులు. ఒక మూల పాప కాలు పడింది. ఒక కాలికే మేజోడు ఉంది, రెండోది ఎక్కడో జారిపోయింది. ఆ మూల కత్తిరించేస్తే ఎవరు తీశారో తెలియదు. పిల్లతో వచ్చిన తల్లి ఎవరో, ఏ దరఖాస్తు ఎవరిదో తెలియదు. నా వేలు అలవాటుగా అంచు దగ్గరికి పోయింది. చీపురుతోని పోతదా, ప్రొద్దుటూరు?

పోదక్కా.

పాప కాలు అలాగే ఉంచి టవర్ యాజమాన్యానికి పంపించాను. కుండీ తీసేయమని రెండు వాక్యాలు రాసి, కింద ఫొటో తీసింది శిరీష అని పెట్టాను.