పెద్దమ్మ ఒక్కపొద్దు, నా రెండున్నర గంటల లెక్క

ఏది అడిగినా జేబులోని ఫోను జవాబు చెప్పే కాలం అప్పటికింకా రాలేదు. ఆ బరువు నాలాంటి వాళ్ల నెత్తిన ఉండేది. మారేడ్‌పల్లిలో ఒక చిన్న టూర్ల ఆఫీసులో కొత్తగా చేరాను. నేనెప్పుడూ విమానం ఎక్కకపోయినా (ఎక్కనివాడికే ధైర్యం ఎక్కువ) ఏ ఊరికి ఎంతసేపో టికెట్టు చూసి టకీమని చెప్పేసేవాణ్ని. నా మొదటి గిరాకీ చిలకలగూడ పెద్దమ్మ, మా అమ్మకు సొంత అక్క. దుబాయి టూరుకు సరేనంది గానీ, బయలుదేరేది కార్తీక సోమవారం. ఆ రోజు చుక్కలు చూసేదాకా ఆమె మంచినీళ్లు కూడా ముట్టదు. ముప్పై ఏళ్లలో ఒక్క సోమవారం తప్పలేదు.

"విమానంల చుక్కలు కనవడ్తయారా?" అంది. "మంచిగ కనవడ్తయ్ పెద్దమ్మా. నాలుగున్నరకు లేస్తది, ఏడింటికి దిగుతది. రెండున్నర గంటలే. ఆరుంబావుకల్లా చుక్కలు చూసి తినెయ్" అన్నాను, నేనే వాటిని కిటికీ దగ్గర తగిలిస్తున్నట్టు.

టూరు వెంట నన్నూ పంపారు, విమానంలో పెద్దమ్మ పక్కనే కూర్చున్నాను. ఆరుంబావు అయింది. సూర్యుడు కిటికీలోనే ఉన్నాడు. ఆరున్నర అయింది, ఇంకా అక్కడే ఉన్నాడు. ట్రే తెచ్చిన అమ్మాయిని పెద్దమ్మ "చుక్కలు రానియ్ బిడ్డా" అని పంపేసింది. భయంతో నేనూ వద్దన్నాను. ఆమె పెదవులు ఎండిపోయాయి. కళ్లు తిరిగి పడిపోతే? నన్ను నమ్మినందుకు ముప్పై ఏళ్ల ఒక్కపొద్దు తప్పిపోతే? ఉండబట్టలేక, ఏడింటికి దిగాల్సినవాళ్లకు ఇంకా ఇంత ఎండేమిటని పక్క సీటాయన్ని అడిగాను. "ఏడు అంటే దుబాయి గడియారం తమ్మీ, మనకు ఎనిమిదిన్నర. రెండువేల అయిదొందల కిలోమీటర్లు, నాలుగు గంటల దారి. పడమటికి పోతున్నం గదా, పొద్దు ఎన్కనే ఉరుకుతున్నం. జెర లేటుగనే మునుగుతది" అన్నాడాయన.

ఇక నాకు మూడిందనుకున్నాను. పెద్దమ్మ మాత్రం "పొద్దు ఎన్క ఉరుకుతున్నమా?" అని మెల్లగా అని, కిటికీ వైపు తిరిగిపోయింది. నేనూ ఆమె భుజం మీదుగా చూశాను. చిలకలగూడలో ఈపాటికి దీపాలు పెట్టి, చుక్కలు చూసి, అన్నాలకు కూర్చుని ఉంటారు. మా మీద మాత్రం ఇంకా ఎండ. కింద మబ్బులన్నీ ఎర్రబడ్డాయి. బడిలో చదివి మార్కులు తెచ్చుకున్న సంగతే, కళ్లారా చూస్తే ఒళ్లు జలదరించింది. నా గడియారంలో ఏడుంబావు దాటాక ఒక చుక్క వచ్చింది. పెద్దమ్మ చేతులు జోడించి, పులిహోర డబ్బా తీసి, మొదటి ముద్ద నా చేతిలో పెట్టింది. "నువ్వు సుత తినలేదు గదరా."

నేను లెక్క తప్పానని ఆమె ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. "ఆ దినం నాకోసం పొద్దు గంటసేపు ఆగింది. మావాడే ఆపిచ్చిండు" అని చెప్పుకునేది. నేనూ సవరించలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లుగా ఎంతోమందికి దూరాలూ గంటలూ నిమిషంతో సహా సరిగ్గా చెప్పి పంపాను. సూర్యుణ్ని ఆపానని మళ్లీ ఎవరూ అనలేదు.