చెంబెడు వాన

రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల్లో, కాప్రాలో మా డాబా మీద వాన కొలిచేదాన్ని. జీతం లేని పని. వాతావరణ ఆఫీసు వాళ్ళు ఒక గరాటు, దాని కిందికి సీసా, కొలత గ్లాసు ఇచ్చారు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి సీసాలో నీళ్ళు కొలిచి రిజిస్టర్లో రాయాలి, నెలాఖరుకి కార్డు పంపాలి. ఆ తర్వాతే బడికి పరుగు. పక్కనే ఉన్న ఏ.ఎస్. రావు నగర్‌లో రోడ్లు కాలువలైన రోజు మా వీధిలో చినుకు కూడా పడదు. అందుకే మా డాబా లెక్క వేరుగా కావాలన్నారు. నా లెక్క ఒకరికి కావాలంటే ఎంత గర్వంగా ఉండేదో!

పక్కింటాయన కాలనీ సంఘం ప్రెసిడెంటు. "టీచరమ్మా, ఇయ్యాల ఎన్ని చుక్కలు?" అని పిట్టగోడ మీంచి వెక్కిరించేవాడు. ఒక మే నెల పొద్దున చూస్తే సీసాలో నీళ్ళున్నాయి. ముప్పై ఒక్క మిల్లీమీటర్లు! డాబా మాత్రం పొడిగా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కదా అని, బుద్ధిలేనిదాన్ని, రాసేశాను. ఆయన అడిగితే అంకె కూడా చెప్పాను.

చెంబుతో పోసింది ఆయనేనట. రెండిళ్ళలోనూ పనిచేసే మనిషి తర్వాత చెప్పింది. అంతటితో ఆగాడా? ఈవిడ ఎండాకాలంలో వాన రాసిందని ఆఫీసుకి ఉత్తరం పెట్టాడు. వాళ్ళు నా పేరు కొట్టేశారు. నిలదీస్తే, "నాకేం ఎరుక?" అన్నాడు.

గరాటు తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. నేనూ పంతం కొద్దీ కొలవడం మానలేదు. ఆదివారం చర్చిలో శత్రువుల్ని క్షమించమని పాడి వచ్చేదాన్ని. సోమవారం పిట్టగోడ అవతల ఆయన తల కనిపిస్తే కడుపు మండిపోయేది.

రెండేళ్ళకి, ఆయన దగ్గరుండి కట్టించిన పార్కు గోడ ఒక్క వానకి కూలింది. సిమెంటు మింగాడని కాలనీ అంతా కూసింది. కుండపోత వానండీ అని ఆయన మొత్తుకున్నాడు. ప్రభుత్వం లెక్కలో ఆ రోజు చినుకులే, అది ఎక్కడో దూరాన కొలిచింది. నా రిజిస్టర్లో మాత్రం నూట పద్దెనిమిది.

మొదటిసారి మా గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించాడు. "జెర గా దినం లెక్క మీటింగుల చదువమ్మా. నా ఇజ్జత్ పోతున్నది."

"వస్తాను," అన్నాను. లోపల ఒకటే పండగ.

మీటింగులో లేచి, ముందు ఆ మే నెల పేజీ తీశాను. "ముప్పై ఒకటి. ఈ నీళ్ళెవరు పోశారో చెబితే, గోడ కూలిన రోజు అంకె చదువుతాను."

ఆయన తల దించుకున్నాడు. "నేనే పోసిన. మజాక్ చేసిన."

అబ్బ, ఆ మాట కోసం రెండేళ్ళు కాచుకున్నాను! వెంటనే నూట పద్దెనిమిది అని చదివాను.

వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. "గట్లనా? మరి గీ నూట పద్దెనిమిదిల ఎన్ని చెంబులు పోసినవ్ సారూ?"

హాలంతా గొల్లుమంది. ప్రెసిడెంటు నా వైపు చూశాడు. అది నిజమైన వానే అని ఒకసారి అన్నాను. ఆ నవ్వుల్లో ఎవరికీ వినిపించలేదు. రెండోసారి అనలేదు.

ఆయన పదవి ఊడింది. నా రిజిస్టరు కావాలని మళ్ళీ ఎవరూ అడగలేదు. అయినా ఆ రోజు ఆయన మొహం తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. దేవుడు నన్ను క్షమించుగాక.