మా జహనుమా రాముడు, యాదన్న

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. "యాదన్న పోయిండు" అన్నారు.

నేను నమ్మలేదు. ఇలాంటి దొంగ ఫోన్లు నేను ఎంతమందికి చేశానో మీకు తెలుసు. ఎవడో నాకు బాకీ తీరుస్తున్నాడనుకున్నాను.

అవతల ఎవరూ నవ్వలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. యాదన్న ఒక ఆఫీసులో అటెండర్. శ్రీరామనవమికి మాత్రం మా జహనుమా బస్తీ నాటకంలో రాముడు. ఇరవై ఏళ్లుగా ఆయనే. మైకు సెట్ నాది, వెక్కిరింపులూ నావే. "రాముడికి విల్లు కంటే ముందు పొట్ట వస్తోంది" అని మైకులోనే అనేవాణ్ణి.

ఒక్క సీన్‌లో మాత్రం నా నోరు లేచేది కాదు. ఎవరో ఏదో అన్నారని సీతమ్మను అడవికి పంపే సీన్. అక్కడ అన్న గొంతు జీరబోయేది.

అది యాక్టింగ్ కాదు.

అన్న భార్య సుగుణ వదిన గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు అమ్మేది. ఒకరోజు ఎవరి బండి మీదో వచ్చి దిగిందని గల్లీ అంతా లొల్లి. అన్న నలుగురి ముందే "తల్లిగారింటికి పో" అన్నాడు. ఆమె కార్వాన్‌లో తల్లిగారింటికి వెళ్లిపోయింది. ఈయన పోయి పిలవలేదు.

ఆ రోజు లొల్లి చేసినవాళ్లే నిన్న దీపం బొమ్మతో స్టేటస్‌లు పెట్టారు. చూశాను.

పోయినేడు ఇద్దరం ఒక సినిమాకు వెళ్లాం. అందులో రాముడు కిరీటం తీసి సింహాసనం మీద పెట్టి, సీత చెయ్యి పట్టుకుని తనూ అడవికి వెళ్లిపోతాడు. హాలంతా విజిల్స్.

"మస్తుగుంది కదన్నా, ఈ కాలం రాముడు?" అన్నాను.

"ఈ రాముడు తప్పే చెయ్యకపాయె. ఇగ ఆ తల్లికి జవాబు ఎవడు చెప్పాలె రా?"

మొన్న నవమికి కమిటీవాళ్లు మన నాటకానికీ సినిమా ఎండింగే కావాలన్నారు. అన్న ఒప్పుకోలేదు. "పంపిండు. పంపినట్టే ఆడుత."

ఆ సీన్‌కు ముందు నేను అన్న చెవిలో ఊదాను. "అన్నా, వదినొచ్చింది. ఎనక కుర్చీలల్ల కూసుంది."

అబద్ధం. తడబడితే నవ్వుకుందామని. నా తెలివి అంతే.

అన్న డైలాగ్ చెప్పలేదు. ఎదురుగా ఉన్న సీత వేషాన్ని వదిలేసి వెనక కుర్చీల వైపు తిరిగాడు. కిరీటం తీశాడు. చేతులు జోడించాడు.

"నలుగురి మాట విని నిన్ను ఎల్లగొట్టిన. తప్పు నాది."

కమిటీ గెలిచింది, సినిమా ఎండింగ్ వచ్చింది అనుకున్నారు జనం. లేచి చప్పట్లు కొట్టారు.

అన్న దిగి కుర్చీల మధ్య వెతికాడు.

"ఏది రా?"

"ఇప్పుడే పోయిందన్నా."

"విన్నదా?"

"మొత్తం విన్నది."

రెండో అబద్ధం. అన్న మొహం చూశాక నిజం చెప్పలేకపోయాను. చివరిదాకా అదే నమ్మాడు.

నిన్న వదిన నిజంగానే వచ్చింది. అన్న ఇంటి గడప బయటే నిలబడింది. చేసిందంతా ఒప్పుకున్నాను. నవమి నాటకం రికార్డింగ్ నా ఫోన్‌లో ఉంది. ఆమె చెవి దగ్గర పెట్టాను.

మొత్తం విన్నది. కళ్లు తుడుచుకోలేదు.

"నన్ను పొమ్మన్ననాడు ఈ గల్లీల ఒక్కరు నోరు తెరువలే. గిప్పుడు చప్పట్లు ఎందుకు కొట్టిన్రు తమ్మీ?"

సినిమా సంగతి చెప్పబోయి ఆగిపోయాను.

అన్నా, ఆ రోజు వదిన రాలేదు. నిన్న వచ్చింది, విన్నది. ఈసారి అబద్ధం కాదు.

ఇక కుర్చీల్లో వెతకకు. నిమ్మళంగా పడుకో.